క్యానులో తెల్లసొన

“క్యానులో ఉన్న ప్రోటీను మనిషిది కాదండి, కోడిది,” అంది ఫోనులో డాక్టర్ చౌడేశ్వరి.

రేపల్లె ప్యాసింజరు తెనాలి స్టేషనులో ఆగుతోంది. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒకేసారి తోసుకుంటున్నారు. పున్నారావు ఒక పక్కకి జరిగి ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

“కోడిదంటే?”

“గుడ్డులో తెల్లసొన. ప్రణవ్ ఇచ్చిన మూత్రంలో యాసిడ్ చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు విరిగిపోయింది. అంత ప్రోటీను పోయే మనిషి ఒళ్ళంతా వాచి మంచం మీదుండాలి. ఇతను చకచకా మెట్లెక్కి వచ్చి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. అనుమానమొచ్చి ఇంకో పరీక్షకి పంపించాను. యాసిడ్‌కి ఏ ప్రోటీనైనా ఒకటే. ఈ పరీక్ష అలా కాదు, ఏది ఎక్కడిదో విడదీసి చెబుతుంది.”

“కలిపింది ఎవరో కూడా చెబితే నాకీ ప్రయాణం తప్పేది.”

“అది మీ పరీక్ష,” అని నవ్వింది డాక్టరు. “మిగతా ఫలితాలు వచ్చాక మళ్ళీ చేస్తాను.”

పున్నారావు ఒకప్పుడు బీమా కంపెనీలకి క్లెయిములు విచారించేవాడు. ఇప్పుడు రేపల్లెలో ఒంటరిగా ఉంటూ, ఎవరైనా పిలిస్తే వెళ్ళి ఆరా తీస్తాడు. అబద్ధం అతన్ని పెద్దగా ఆకర్షించదు. అబద్ధం ఆడేశాక మనిషి తనని తాను ఎలా సర్దుకుంటాడో చూడడం ఇష్టం. ఈసారి పిలిచినవాడు భరద్వాజ. తెనాలిలో సంస్కృతం లెక్చరరు. రెండు కిడ్నీలూ చెడిపోయి రోజు విడిచి రోజు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. బాపట్లలో బ్యాంకు ఉద్యోగం చేసే తమ్ముడు ప్రణవ్ ఒక కిడ్నీ ఇస్తానన్నాడు. రక్తం కలిసింది. మొదటి మూత్ర పరీక్ష బాగుంది. ఆఖరున, ఒక రోజంతా పోసిన మూత్రం క్యానులో పట్టి ఇవ్వమన్నారు. అందులో ప్రోటీను వరదలా కనబడింది.

ప్రోటీను పోతోందంటే కిడ్నీలోని జల్లెడకి చిల్లులు పడ్డట్టు. అలాంటివాడి దగ్గర కిడ్నీ తీసుకోరు. తీసుకుంటే ఇచ్చినవాడూ కొన్నాళ్ళకి డయాలసిస్ కుర్చీలో కూర్చోవలసి వస్తుంది. ఆ క్యానుతో ఆపరేషన్ ఆగిపోయింది. కల్తీ జరిగిందేమోనని డాక్టరు అన్న రోజే భరద్వాజ పున్నారావుకి ఫోను చేశాడు. “మా ఇంట్లో నేను బతకకూడదనుకుంటున్నది ఎవరో నాకు తెలియాలండి,” అన్నాడు. వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టుగా ఉంది గొంతు.

*

భరద్వాజ ముందుగదిలో పడక్కుర్చీలో ఉన్నాడు. తల్లి శ్యామలాంబ గ్లాసుతో నీళ్ళు తెచ్చి పున్నారావు ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. భరద్వాజ చూపు గ్లాసు మీదే ఆగిపోయింది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలన్న కట్టడిలో ఉన్నవాడి చూపు అది. పున్నారావు గ్లాసుని పక్కకి జరిపాడు.

“తాగండి, పర్లేదు. ఎదుటివాళ్ళు తాగుతుంటే చూడ్డం ఒక్కటే నాకు మిగిలిన సరదా.”

పున్నారావు తాగాడు. “క్యాను ఎక్కడ పెట్టారండి?”

“ఫ్రిజ్‌లో పెట్టమన్నారు ఆసుపత్రివాళ్ళు. మా ఫ్రిజ్‌లో దేవుడి పాలుంటాయి, మడి పెరుగుంటుంది. వాటి పక్కన ఇదా అని అమ్మ ససేమిరా అంది. ప్రణవ్ వెళ్ళి చేపల మార్కెట్ దగ్గర థర్మకోల్ పెట్టె కొనుక్కొచ్చాడు. అందులో ఐసు పోసి, పెరటి స్నానాలగదిలో పెట్టాడు. ఇంట్లోకి రానివ్వని వస్తువు కోసం అంతకన్నా రానివ్వని పెట్టె తెచ్చాడు మావాడు.”

“ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?”

“నేను, అమ్మ, ప్రణవ్, వాడి భార్య దివ్య. మా ఆవిడ స్కూలు పిల్లల్ని తీసుకుని విజయవాడ వెళ్ళింది.”

“పనిమనిషి?”

“అమ్మ పెట్టుకోదు. అంట్లు కూడా తనే తోముకుంటుంది.”

“మీకెవరి మీద అనుమానం?”

భరద్వాజ పైకప్పు వైపు చూశాడు. “దివ్య. ఆ పిల్ల మంచిదేనండి. కానీ నేనే ఆమె అయితే, నా మొగుడి పొట్ట కోయనివ్వను. నాకు కోపం లేదు. తెలిస్తే చాలు.”

కోపం లేదని అడక్కుండా చెప్పేవాళ్ళని పున్నారావు చాలామందిని చూశాడు. కోపం ఉందని చెప్పినవాళ్ళకంటే వాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాడు.

“ఆ రోజు ఇంట్లో మామూలుగా జరగనిది ఏదైనా జరిగిందా? గొడవలూ అనుమానాలూ వద్దు. చిన్న సంగతైనా సరే.”

“ఏం లేదండి. దీపాల వేళ అమ్మ మళ్ళీ తలస్నానం చేసి దగ్గుతూ కూర్చుంది. ఏదో మైల తగిలిందంది. మా ఇంట్లో అదేం వింత కాదు లెండి. బల్లి పడ్డా తల తడుపుకుంటుంది.”

“ఏం తగిలిందో చెప్పిందా?”

“అడగలేదు. అడిగితే నేనూ చెయ్యాలంటుంది,” అని నవ్వాడు భరద్వాజ. నవ్వు సగంలో ఆయాసంగా మారింది.

*

పెరటి స్నానాలగది తలుపుకి బయట గడియ లేదు. ఎవరైనా వెళ్ళొచ్చు. లోపల ఒక కుళాయి, ఒక బక్కెట్టు, మూలకి బోర్లించిన థర్మకోల్ పెట్టె. పెట్టెకి ఇంకా చేపల వాసన వస్తోంది. పున్నారావు అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. తప్పు చేసిన చోటు కన్నా, తప్పు చేశాక చేతిలో మిగిలినదాన్ని ఏం చేశారన్నదే మనిషిని పట్టిస్తుందని అతని నమ్మకం. గుడ్డు నుంచి తెల్లసొన క్యానులోకి వెళితే, పెంకులూ పచ్చసొనా ఎక్కడికో వెళ్ళాలి. శ్యామలాంబ ఇంట్లో అవి చెత్తబుట్టలోకి వెళ్ళలేవు.

ప్రహరీగోడ వెంట చీమలబారు సాగుతోంది. దాని వెంటే నడిచాడు. నందివర్ధనం మొదట్లో మట్టి కాస్త ఎత్తుగా ఉంది. పుల్లతో కెలికితే ముందు పసుపు కనబడింది. పసుపు కింద రెండు గుడ్లు, చూడడానికి చెక్కు చెదరలేదు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉన్నాయి. ఒక్కోదానికి అటు ఒకటీ ఇటు ఒకటీ సన్నటి చిల్లులు. పచ్చసొన లోపలే ఎండిపోయింది.

“ఏం పున్నారావూ, రేపల్లెలో చేపలు దొరక్క తెనాల్లో వానపాములు తవ్వుకుంటున్నావా?”

రమేష్ బాబు సందు గుమ్మంలోంచి వస్తున్నాడు. పోలీసు శాఖలో రిటైరై బాపట్లలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. భరద్వాజ మామగారు అల్లుడికి చెప్పకుండా అతన్ని నియమించారు. రమేష్ బాబు విచారణ ఎప్పుడూ ముగింపు నుంచి మొదలవుతుంది. ముందు దొంగను ఎంచుకుని, తర్వాత దొంగతనాన్ని అతనికి అమర్చిపెడతాడు.

“నువ్వు తవ్వనవసరం లేదయ్యా, కేసు అయిపోయింది,” అన్నాడు రమేష్ బాబు రుమాలుతో మెడ తుడుచుకుంటూ. “స్టేషను దగ్గర చౌడయ్య కొట్టుంది. ఈ ఇంటికి గుడ్లేమన్నా వెళ్ళాయా అనడిగాను. వెళ్ళాయన్నాడు. కోడలు తలకి పట్టిస్తుందని చెప్పి తీసుకెళ్ళారట. కోడలంటే ఎవరు? దివ్య. మొగుడి కిడ్నీ పోతుందని భయపడ్డది ఎవరు? దివ్య. హాస్టల్లో ఆమ్లెట్లు తిన్నది ఎవరు? అదీ దివ్యే.”

“కొన్నది ఎవరని అడిగావా?”

“పనిమనిషి అయ్యుంటుంది. ఎవరు కొంటే ఏంటి, తెప్పించుకుంది ఆ పిల్లేగా.”

“ఈ ఇంట్లో పనిమనిషి లేదు.”

రమేష్ బాబు రుమాలు ఒక్క క్షణం మెడ మీద ఆగింది. “అయితే ఇంకెవర్నో పంపి ఉంటుంది.”

“ఇంకెవరున్నారు? అత్తగారు. ఈ ఇంట్లో కోడలు అత్తగారిని పిలిచి, స్టేషనుదాకా వెళ్ళి రెండు కోడిగుడ్లు పట్టుకురమ్మందంటావు.”

“వెటకారాలొద్దు.”

“ఇది చూడు.” పున్నారావు గుడ్డు చూపించాడు. “ఆమ్లెట్ తిన్న పిల్ల గిన్నె అంచుకి కొట్టి రెండు చిప్పలు చేస్తుంది. ఇది దబ్బనంతో పొడిచి, లోపల ఏముందో చూడకుండా, చేతికి అంటకుండా కారనిచ్చిన పని. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ గుడ్డు పగలగొట్టని చెయ్యి ఇది. ఆ తర్వాత పసుపు చల్లి పూడ్చింది. పారేయడానికి మనసొప్పలేదు.”

“కోర్టులో పసుపు సాక్ష్యం చెప్పదు గురూ. సాయంత్రం మా క్లయింటుకి దివ్య పేరు చెప్పేస్తున్నా.”

“ఆ పిల్ల కాపురం కూలిపోతుంది.”

“మనమేమన్నా పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళమా? నీ క్లయింటుకి నిజం కావాలి. నా క్లయింటుకి పేరు కావాలి. నేను ఇస్తాను.” వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. “నీకొక జబ్బుంది పున్నారావూ. తప్పు చేసినవాళ్ళని నువ్వు పట్టుకోవు, అర్థం చేసుకుంటావు.”

ఆ మాట పున్నారావుకి కాస్త గుచ్చుకుంది. నిజం కావడం వల్లనేమో. మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, తర్వాత చేతులు కడుక్కున్నాడు.

*

శ్యామలాంబ వంటింటి వసారాలో కూర్చుని దీపారాధనకి వత్తులు చేసుకుంటోంది. పున్నారావు మెట్టు కిందే ఆగిపోయాడు. గుడ్లు ఆమె కంటబడేలా తేలేదు. అవసరం లేదనిపించింది.

“అమ్మగారూ, దబ్బనం ఏం చేశారు?”

ఆమె వేళ్ళ మధ్య దూది సాగి తెగింది. ఇంకో పింజ తీసుకుంది.

“కాలవలో పారేశాను నాయనా. ఇంట్లో ఎలా ఉంచుకోను?”

అంత తేలిగ్గా వస్తుందని పున్నారావు అనుకోలేదు. ఎవరైనా అడిగితే చెప్పేద్దామని ఇన్నాళ్ళూ ఎదురుచూసినట్టుంది.

“గుడ్డులో ప్రోటీను ఉంటుందని మీకెలా తెలుసు?”

“వాళ్ళే చెప్పారు. పెద్దాడికి డయాలసిస్‌లో ప్రోటీను పోతుందట. తెల్లసొన తినిపించండి, అది ప్రోటీను తప్ప ఇంకేం కాదు అని ఆ డైటు అమ్మాయి వచ్చినప్పుడల్లా పోరు పెడుతుంది. తినిపించలేకపోయాను. వాడు తింటానన్నా నాకు చేతులు రాలేదు.” ఆమె వత్తి పళ్ళెంలో పెట్టింది. “దీనికి మాత్రం చేతులొచ్చాయి.”

“ఎందుకు చేశారు?”

“చిన్నాడిది కారుతోంది నాయనా.”

“కారడమంటే?” అన్నాడు పున్నారావు.

“మా ఆయనకీ అంతే. పొద్దున్నే ఆయన బాత్రూములోంచి వచ్చాక చెంబుడు నీళ్ళు పోసినా పోయేది కాదు. మజ్జిగ చిలికినట్టు నురగ. తర్వాత కాళ్ళు వాచాయి, పోయారు. పెద్దాడిదీ చూశాను. అప్పుడు నాకేం తెలీదు, నోరెత్తలేదు. మొన్న చిన్నాడు వచ్చి ఉన్నప్పుడు మళ్ళీ అదే నురగ. చెప్పాను వాడితో. సబ్బు నురగమ్మా అని నవ్వేశాడు. డాక్టరమ్మ చూస్తే బాగుందంది. ఇంక నా మాటెవరు వింటారు?”

“పెద్దబ్బాయితో చెప్పొచ్చుగా.”

“ఏమని? నీ తమ్ముడు నీకివ్వకూడదు అనా? నేను వాడి తల్లిని కూడా నాయనా. చిన్నాడిని దాచుకుని నన్ను చావమంటున్నావా అంటే నేనేం చెప్పను?”

ప్రోటీను పోతే మూత్రం నురగ కడుతుందని పున్నారావు విన్నాడు. అయినా ఆమెని పూర్తిగా నమ్మలేదు. భయం కళ్ళలోంచి చూస్తుంది. ఇద్దరిని అలా చూసిన తల్లికి మూడోవాడి నీళ్ళలో నురగ కనబడడం వింతేం కాదు. ఇద్దరు కొడుకుల్లో ఒకరిని ఎంచుకోలేక, ఆ ఎంపికని కోడిగుడ్డుకి అప్పగించింది. పున్నారావు పని ఇంతటితో అయిపోయినట్టే. లోపలికి వెళ్ళి భరద్వాజకి ఒక పేరు చెప్పాలి. చెప్పకూడదనిపించే పేరు.

అప్పుడు డాక్టర్ చౌడేశ్వరి ఫోను వచ్చింది.

“మిగతా ఫలితాలు చూశాను. ఆ క్యాను అసలు పనికిరాదండి, పారబోయమన్నాను. అందులో గుడ్డే కాదు, నీళ్ళు కూడా పోశారు. మన కండరాల్లోంచి క్రియాటినిన్ అని ఒకటి రోజూ బయటికి పోతుంది. ఒక మనిషికి రోజూ ఇంచుమించు అంతే పోతుంది. ఇందులో అది పావు వంతు కూడా లేదు. అతను పోసింది కొంచెం, మిగతాదంతా కుళాయి నీళ్ళు. గుడ్డు కలిపినవాళ్ళే పోసుంటారు.”

“నీళ్ళు కలిపితే ప్రోటీను పలచబడుతుంది కదా డాక్టరుగారూ. ఉన్నట్టు చూపించాలనుకున్నవాళ్ళు పలచన ఎందుకు చేస్తారు?”

“అదేంటో మీరే కనుక్కోండి. మొదటిసారి ఒక్క సీసాలో పట్టింది, ప్రోటీను ఉంటే రంగు మారే స్ట్రిప్పు ముంచి చూశారు. బాగా నీళ్ళు తాగి వస్తే స్ట్రిప్పుకి ఏమీ తెలీదు. అందుకని ఇవాళ తెల్లారి లేవగానే పట్టిన మూత్రం ఇమ్మన్నాను. ప్రోటీనుని క్రియాటినిన్‌తో పోల్చి చూస్తాం. ఎన్ని నీళ్ళు తాగినా, ఎన్ని పోసినా ఆ లెక్క మారదు. బాపట్లలో మా సెంటర్లో ఇచ్చేశారట. అది బాగుంటే అడ్మిట్ చేసుకుంటాం.”

పున్నారావు ఫోను దించాడు. “అమ్మగారూ, క్యానులో నీళ్ళు పోశారా?”

“నీళ్ళా? నేనెందుకు పోస్తాను?” ఆమె ముఖంలో ఉన్నది ఉత్త ఆశ్చర్యం. “మూత తీసి కార్చాను, మూత పెట్టాను. అంతకన్నా ఏం చెయ్యలేదు.”

అయితే ఆ క్యాను దగ్గరికి ఇద్దరు వెళ్ళారు. ఒకరు లేని ప్రోటీనుని కలిపారు. ఇంకొకరు ఉన్న ప్రోటీనుని దాచారు. దాచవలసిన అవసరం ఈ ఇంట్లో ఒక్కడికే ఉంది. శ్యామలాంబ చూసిన నురగ భయంలోంచి పుట్టింది కాదు. ఆ తమ్ముడికి తన కిడ్నీల సంగతి తెలుసు. తెలిసే ఇవ్వబోతున్నాడు. కానీ ఇవాళ్టి పరీక్షని నీళ్ళతో మోసం చేయలేడు. అది మోసపోవాలంటే సీసాలో ఉన్నది అతనిది కాకూడదు.

పున్నారావు, నిన్న ఒకసారి ఫోనులో పలకరించిన దివ్య నంబరు నొక్కాడు. శ్యామలాంబ వినాలని స్పీకరు పెట్టాడు.

“చెప్పండి బాబాయిగారూ.” వెనక కుక్కరు కూత వినబడుతోంది.

“ప్రణవ్ ఉన్నాడామ్మా?”

“బ్యాంకుకి వెళ్ళారండి.”

“ఇవాళ మీరు సెంటర్లో ఇచ్చిన సీసా ఉందే. అందులో ఉన్నది ఎవరిది?”

కుక్కరు ఇంకో కూత వేసింది. స్టవ్ కట్టేసిన చప్పుడు.

“నాదేనండి.”

శ్యామలాంబ ఒళ్ళోని దూది నేలమీదికి జారింది.

“ఎన్నాళ్ళ నుంచి తెలుసు?”

“మొదటి పరీక్షకి ముందే ఆయన మెడికల్ షాపులో స్ట్రిప్పులు కొనుక్కొచ్చి చూసుకున్నారండి. పసుపుగా ఉండేది ముంచగానే ఆకుపచ్చగా అయిపోయింది. మళ్ళీ ముంచారు, మళ్ళీ అంతే. ఆ రోజు నుంచి కడుపు పట్టనన్ని నీళ్ళు తాగారు. వద్దండీ అని కాళ్ళు పట్టుకున్నాను. ‘ఎలాగూ నావీ పోతాయి. పోయేలోపు ఒకటి అన్నయ్యకి కొన్నేళ్ళు పనిచేస్తే చాలు’ అంటారు.”

“ఒకటి తీసేస్తే రెండోది ఇంకా త్వరగా పోతుంది దివ్యా. అన్నయ్యకి పెట్టింది కూడా ఎంతకాలం ఉంటుందో ఎవరూ చెప్పలేరు.”

“నాకు తెలుసండి.”

“తెలిసి ఎందుకిచ్చావు?”

“ఏం చెయ్యమంటారు?” ఆమె గొంతులో మొదటిసారి కోపం వినబడింది. “గుడ్డు నేనే కలిపానని అందరూ అనుకుంటున్నారు. బావగారు అనుకుంటున్నారు. నిన్న ఆ రమేష్ బాబు మా నాన్నగారి ఇంటికొచ్చి, నీ కూతురు హంతకురాలన్నాడు. ఈయన పరీక్షలో తప్పితే, అదిగో మళ్ళీ ఏదో చేసిందంటారు. నా మీద పడ్డ ఆ మాట పోవాలంటే ఈయన నెగ్గాలి. అందుకని ఇచ్చాను.”

అనుమానించినవాళ్ళందరూ కలిసి ఆ పిల్ల చేతికి ఆ సీసా అందించారు. అందులో తన క్లయింటూ ఉన్నాడు.

“డాక్టరుకి చెప్పేద్దాం,” అన్నాడు.

“చెబితే బావగారు బతుకుతారా బాబాయిగారూ?”

అతను ఫోను పెట్టేశాడు. శ్యామలాంబ అతని వైపు చూడడం లేదు. అతని వెనక్కి, గది గుమ్మం వైపు చూస్తోంది.

భరద్వాజ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. ఆయాసపడుతున్నాడు కానీ, ముఖం ప్రశాంతంగా ఉంది.

“గుడ్డు ఎవరు కలిపారో తెలిసిందా అండి?”

“తెలిసింది.”

ఎవరని అతను అడగలేదు. తల్లి వైపు చూడనూ లేదు. గోడ పట్టుకునే రెండడుగులు వేశాడు.

“నేను మీకు అప్పజెప్పింది అంతే కదండి?”

“అంతే.”

“అయితే మీ పని అయిపోయింది పున్నారావు గారూ. అక్కడితో ఆపేయండి. మిగతాది మీరు వినలేదు. నేనూ వినలేదు.”

“ఒరే,” అంది శ్యామలాంబ.

“వాడే ఇస్తానంటున్నాడమ్మా. నేను అడిగానా?” అన్నాడు భరద్వాజ. పాఠం చెప్పేవాడి గొంతు అది, ఎక్కడా వణకలేదు. “నాకు నలభై కూడా నిండలేదు. నాకు నీళ్ళు తాగాలనుంది.”

పున్నారావు చేతిలో ఫోను మోగింది. డాక్టర్ చౌడేశ్వరి. ఫలితం ఏంటో అతనికి తెలుసు. ఆరోగ్యంగా ఉన్న ఒక ఆడపిల్లకి ఉండవలసినంత శుభ్రంగా ఉంటుంది.

“ఎత్తు నాయనా,” అంది శ్యామలాంబ.

భరద్వాజ గోడ వదిలేసి ముందుకొచ్చి పున్నారావు మణికట్టు పట్టుకున్నాడు. రోజు విడిచి రోజు రక్తం కడిగించుకునే మనిషి పట్టులో అంత బలం ఉంటుందని పున్నారావు ఎన్నడూ అనుకోలేదు. ఫోను మోగుతూనే ఉంది.